వానికి సలివెట్టిందా

ఒంటి మీద నగలేమైనా ఉంటే ఆ అరలో పెట్టుకోండి మేడమ్, చల్లటి నీళ్ళలో వేళ్ళు సన్నబడి ఉంగరాలు జారిపోతుంటాయి, అని చెప్పి జయకృష్ణ తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు. రోజారాణి అద్దం ముందు నిలబడి వేళ్ళు చూసుకుంది, మెడ తడుముకుంది. తియ్యడానికి ఏమున్నాయి గనక. పోయిన చలికాలంలోనే అన్నీ తీసేశారు, శామీర్‌పేట చెరువు ఒడ్డున, దినాల నాడు, అత్తవారి వాడకట్టు ఆడవాళ్ళు చుట్టూ మూగి, గాజులు పగలగొట్టి, మెట్టెలు లాగి, పుస్తెలతాడు తెంపి. ఎవరో ముసలామె మణికట్టును మరీ గట్టిగా ఒడిసి పట్టుకుంటే ఆ గుంపులోంచి అత్త ఐలమ్మ ఒక్కతే, మెల్లగ పట్టుండ్రి, పిల్లకు నొప్పైతది, అన్నది. కొడుకును పోగొట్టుకున్న మనిషి అన్న మాట అది. ఆ రోజంతటిలో రోజారాణికి తెల్లారేసరికి మిగిలింది ఆ గొంతొక్కటే, తక్కినదంతా ఎవరికో జరిగినట్టు, రోడ్డవతల ఎవరింట్లోనో మోగుతున్న డప్పు విన్నట్టు ఉంది.

చెవిదుద్దులు తీసి అరలో పెట్టింది. బడిలో ఆటలాడించేటప్పుడు వేసుకునే నల్ల టీషర్టు, మోకాళ్ళ దాకా వచ్చే ప్యాంటు వేసుకుని బయటికి వచ్చింది. గది చిన్నది. నీలం లైటు, గోడకు ప్లాస్టిక్ తీగలు, ఎక్కడినుంచో సన్నగా వేణువు లాంటి పాట, ఇవన్నీ మనసుకు నిమ్మళం ఇస్తాయని కాబోలు పెట్టారు. మధ్యలో తెల్లటి టబ్బు. దాని పక్కన యంత్రమొకటి ఫ్రిజ్ లాగే సన్నగా మూలుగుతూ నీళ్ళను తిప్పుతోంది. ఇదేనా. ఇంతేనా. బయట మేడ్చల్ హైవే మీద వేసవి ఎండ అప్పుడే కాల్చేస్తోంది, స్కూటీ సీటు మీద చెయ్యి పెట్టలేకపోయింది, ఇక్కడ మాత్రం ఒక టబ్బులో చలికాలాన్ని పట్టి ఉంచారు. తను ఆటలు నేర్పే తూంకుంట బడిలోనే లెక్కలు చెప్పే హర్షిత, మా అన్నయ్య పేట్ బషీరాబాద్‌లో రికవరీ స్టూడియో పెట్టాడే, ఐసు నీళ్ళలో కూర్చోబెడతారు, నీ మోకాలి నొప్పికి మంచిది, అంటుండగానే రోజారాణి ఎప్పుడు రమ్మంటవ్ అనేసింది. హర్షిత మురిసిపోయింది. ఇన్ని నెలల్లో నువ్వు ఒక్క పనికైనా సై అన్నావు, సంతోషం, అన్నది. మోకాలు నొప్పి నిజమే, ఖోఖో ఆడిన రోజుల నుంచీ ఉంది. కానీ ఆ మాటకు రోజారాణి లోపల లేచి కూర్చున్నది మోకాలు కాదు.

"గుండె జబ్బు, బీపీ, అలాంటివేమీ లేవు కదండీ?" అని అడిగాడు జయకృష్ణ. చెల్లెలి లాగే మెత్తటి మాట, గోదావరి జిల్లాల మాట. "నీళ్ళు పది డిగ్రీలు ఉంటాయి. దిగగానే ఊపిరి ఎగదన్నుతుంది. కంగారు పడకండి. నోటితో నెమ్మదిగా వదలండి. మొదటిసారి కదా, రెండు నిమిషాలు చాలు. నేనిక్కడే ఉంటాను."

పది డిగ్రీలు. తన భర్త భానుప్రకాశ్ కాపలా కాసిన మంచుకొండల్లో సున్నాకు ఎంతో కింద. ఒకసారి ఫోన్లో నవ్వుతూ చెప్పాడు, పొద్దున్నే గుడ్డు కొడితే రాయిలెక్క మోగింది రోజా, దాంతోని క్రికెట్ ఆడినం. మరి నీకు సలివెట్టదా అంటే, పెట్టదే, అలవాటైంది, మనోళ్ళం చెరువుల పెరిగినోళ్ళం గాదా, అన్నాడు. ఆ మాటను ఆమె నమ్మింది. ఎందుకు నమ్మదు, పెళ్ళయిన కొత్తలో సంక్రాంతికి ముందటి చలిలో వాడు తండ్రితో వల లాగి, నడుము దాకా నీళ్ళలో నిలబడి, ఒళ్ళంతా ఆవిరి లేస్తూ గట్టెక్కి రావడం కళ్ళారా చూసింది. మొగులయ్య మామ కంబళి అందిస్తే వాడు అక్కర్లేదని భుజాన వేసుకునేవాడు. పట్టుకుంటే వేడిగా ఉండేవాడు. ఎప్పుడు తాకినా వేడిగానే ఉండేవాడు. అలాంటివాణ్ణి చలి ఏం చేస్తుందిలే అనిపించేది. పేటికలో ఇంటికి వచ్చినప్పుడు కూడా నుదుటి మీద అరచెయ్యి ఆ వేడి కోసమే పెట్టింది.

పేటికతో వచ్చిన ఆఫీసరు మంచివాడు. చిన్నవాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, రాత్రంతా ప్రయాణం చేసినట్టున్నాడు. హిందీలో మెల్లగా చెప్పాడు, మంచు పెళ్ళలు విరిగి గుడారం మీద పడ్డాయనీ, తవ్వి తీసేసరికే అయిపోయిందనీ, తల్లిగారికి చెప్పండి, నిద్రలోకి జారుకున్నట్టే ఉంటుంది, ఏ బాధా తెలిసి ఉండదు అని. రోజారాణి దాన్ని తెలుగులోకి మార్చి ఐలమ్మకు చెప్పింది. నిద్రలనే పోయిండంట అత్తమ్మా. ఐలమ్మ ఆఫీసరు మొహంలోకి చూసింది, కోడలి మొహంలోకి చూసింది, తలూపింది. తర్వాతి ఆదివారం రోజారాణి తను ఉండే యాప్రాల్ నుంచి వెళ్ళగానే, అమ్మకానికి పెట్టిన చేపల బేసిన్ల ముందు కూర్చున్న మనిషి తలెత్తి, వానికి సలివెట్టిందా బిడ్డా, అని అడిగింది. లేదత్తమ్మా, నిద్రలనే. ఆ పైవారం మళ్ళీ అదే. వేడి చాయ గ్లాసు అందిస్తూ, చేప పొలుసు గీకుతూ, ఎటో చూస్తూ, వానికి సలివెట్టిందా. ఎన్నిమార్లు అడుగుతవే, పిల్ల చెప్తనే ఉన్నది గదా అని మొగులయ్య కసిరితే, ఆ, చెప్పింది, అనేది. వారం తిరిగేసరికి మళ్ళీ అడిగేది. మతి తప్పి కాదు. రోజారాణికి తెలుసు, మతి తప్పినవాళ్ళ కళ్ళు అలా ఉండవు. నిజం కోసం కూర్చున్న మనిషి అది. ఐసు మీద పరిచిన బొచ్చె చేపలు ఇంకా నోళ్ళు తెరవడం ఏళ్ళ తరబడి చూసిన మనిషి. కొడుకు పోయాక ఒకరోజు అలా నోరు తెరిచిన చేపను ఐసు ముక్కల్లోంచి రెండు చేతులా లాగి నీళ్ళ బేసిన్లో పడేసింది. అప్పటినుంచి ఐసు వేయడం మానేసింది.

"రెడీనా మేడమ్?"

తలూపి మెట్టెక్కి ఒక కాలు దించింది. చల్లగా లేదు. చల్లదనం అన్న మాటకు తెలిసినదేదీ కాదు అది, పొయ్యిలోంచి కట్టె తీసి పాదానికి ఆనించినట్టుంది. రెండో కాలు. కూర్చోండి, ఒక్కసారే కూర్చోండి, ఆగితే ఇక కూర్చోలేరు, అంటున్నాడతను. కూర్చుంది. నీళ్ళు మెడకు తగిలాయి. అంతే, ఊపిరి లోపలికి వెళ్ళింది కానీ బయటికి రావడం లేదు, ఇంకోటి లోపలికి, ఇంకోటి, కుక్క రొప్పినట్టు, ఛాతీని రెండు వైపుల నుంచి ఎవరో పిండుతున్నట్టు, నోటితో వదలండి మేడమ్ అన్న మాట గోడవతల నుంచి వస్తున్నట్టు, ఎవరి నోటితో, నోరెక్కడుంది, అంతలో ఆ నోరే తెరుచుకుని "ఓ అమ్మా!" అని కేక పెట్టింది. పెద్ద కేక. తన గొంతేనా. అమ్మ మొహం కూడా సరిగా గుర్తులేదు, నాలుగో తరగతిలో ఉన్నప్పుడే పోయింది, ఆ పిలుపు వాడి ఎన్నేళ్ళయిందో, నొప్పికీ దెబ్బకీ కూడా ఆమె పళ్ళు బిగబట్టే రకం. అయినా వచ్చింది. అడగకుండా వచ్చింది. ఎక్కడ దాక్కుని ఉందో అక్కడినుంచి ఒళ్ళు తనంతట తానే తవ్వి తీసుకుంది.

అయితే ఇదన్నమాట. నిద్ర కాదు. నిద్రకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఒంట్లో ప్రతి ముక్కా మేలుకుని ఉంది, ఇంత మెలకువ పుట్టి ఎరగదు, కాలి గోళ్ళు కూడా మేలుకుని ఉన్నాయి. మంచు కింద వాడు ఇలాగే ఉన్నాడు. ఇలాగే, ఇంకెంతో ఎక్కువగా, ఊపిరి తీసుకోవడానికి గాలైనా లేకుండా, నీలం లైటూ వేణువూ లేకుండా, చీకట్లో. వాడూ అరిచి ఉంటాడు. నోట్లో మంచు. లేదు, ఆ మాట ఆలోచించకు. ఆలోచించు. దానికే కదా వచ్చావు. చేతులు చూడు. నీళ్ళలో తన చేతులు పిడికిళ్ళయి ఉన్నాయి, ఎప్పుడు అయ్యాయో తెలియదు, గోళ్ళు అరచేతిలో దిగి ఉన్నాయి. విప్పాలని చూస్తే విప్పుకోవడం లేదు.

ఆ పిడికిళ్ళను చూసింది ముందే. ఇంటి ముందు పేటిక మూత తీసినప్పుడు, మిలిటరీ వాళ్ళు సర్దిన తెల్లగుడ్డ కొంచెం జరిగి కుడిచెయ్యి కనబడింది, వేళ్ళు వంగి ఉన్నాయి, పట్టు విడవని చెయ్యి. మేనమామ ఒకాయన వాటిని చాపడానికి ప్రయత్నించాడు, చేతులు జోడించినట్టు పెడదామని. రాలేదు. మొగులయ్య మామ ముందుకు వచ్చి, వల తాడు పట్టి పట్టి కాయలు కాసిన తన చెయ్యి కొడుకు పిడికిలి మీద వేసి, "ఉండనియ్యుండ్రి," అన్నాడు. ఆ తర్వాత ఆయన ఆ సంగతి ఎత్తలేదు. చలికి అలా బిగుసుకుపోతాయమ్మా అన్నాడు ఆఫీసరు, అదీ నిజమే అయి ఉంటుంది. కానీ నిద్రపోతున్నవాడు పిడికిలి బిగిస్తాడా. వాడు నిద్రలో అరచేతులు వెల్లకిలా పరుచుకుని పడుకునేవాడు, చిన్నపిల్లాడి లాగ, మంచమంతా వాడిదే, ఆమెకు అంచు మిగిలేది. మేడ్చల్ గ్రౌండులో మొదటిసారి చూసినప్పుడు, మిలిటరీ సెలక్షన్ల కోసం వాడు పరుగు తీస్తున్నాడు, ఆమె ఖోఖో ప్రాక్టీసుకు వచ్చింది, మిగతా కుర్రాళ్ళంతా పిడికిళ్ళు బిగించి పరుగెత్తుతుంటే వీడొక్కడే చేతులు వదులుగా, నీళ్ళు తోస్తున్నట్టు ఊపుతూ పరుగెత్తేవాడు. చేపలోల్ల పోరడు అని ఎవరో నవ్వారు. ఆ నవ్వుకే ఆమె చూసింది. ఆ వదులు చేతులు అలా ముడుచుకున్నాయంటే ఎంతసేపు మేలుకుని ఉన్నాడో. దేన్ని పట్టుకుందామనుకున్నాడో.

"మేడమ్, అయిపోయింది. లేవండి, చాలు."

"ఇంకొంచెం."

ఎందుకంటే ఇప్పుడిప్పుడే మరొకటి వస్తోంది. మంట తగ్గుతోంది. పాదాలు పోయాయి, వాటి చోట ఏమీ లేదు, మోకాలి నొప్పి పోయింది, మోకాలే పోయింది. ఊపిరి దానంతటది చిన్నదైంది, సన్నదైంది. లోపల ఎక్కడో వెచ్చగా ఉంది కూడా. ఇది కదూ ఆఫీసరు చెప్పింది. అయితే ఆయన అబద్ధమాడలేదు, సగమే చెప్పాడు, ఆ సగానికి ముందుదంతా ఈ మెత్తటి ముసుగు కింద కప్పేశాడు, పాపం ఆయన మాత్రం ఏం చెప్తాడు ఒక తల్లికి. బాగుంది. ఇక్కడ ఎవరూ ఏమీ అడగరు. యాప్రాల్‌లో గది తలుపు తీసి లైటు వెయ్యాల్సిన పని లేదు. వంట ఒక్కరికే ఎలా చెయ్యాలో తెలియక మిగిల్చి పారబోసే అన్నం లేదు. బీరువాలో మడత విప్పని వాడి చొక్కాలు, ఇస్తే ఎవరికివ్వాలి, ఉంచితే ఎందుకుంచాలి, ఆ తెగని లెక్క లేదు. ఇంకొంచెం జారితే వాడు ఎక్కడిదాకా వెళ్ళాడో తెలుస్తుంది. ఇంకొంచెమే. గడ్డం నీళ్ళను తాకింది, కింది పెదవి తాకింది. ఎవరో మేడమ్ మేడమ్ అంటున్నారు, ఎవరి పేరో అది, ఆ మనిషి ఎంతకూ పలకదేమిటి.

చంకల కింద రెండు చేతులు దూరాయి. జయకృష్ణ షర్టు తడిసిపోతున్నా చూసుకోకుండా ఆమెను లేపి, టబ్బు అంచు మీదుగా లాగి, నేల మీద కూలబెట్టాడు. కాళ్ళు నిలబడలేదు. తువ్వాళ్ళ మీద తువ్వాళ్ళు కప్పాడు, తలకు ఒకటి చుట్టాడు. అప్పుడు మొదలైంది వణుకు, దవడలు టకటకా కొట్టుకుంటున్నాయి, నీళ్ళలో ఉన్నప్పటి కన్నా ఇప్పుడే ఎక్కువ చలి. అతను వేడినీళ్ళ గ్లాసు ఆమె నోటి దగ్గర పట్టుకున్నాడు. 

"చెప్తే వినాలి కదండీ. పెదవులు నల్లబడిపోయాయి. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి." కోపం దిగిపోయాక, "మా హర్షిత మోకాలి నొప్పని చెప్పింది. మీరు దానికి రాలేదు కదూ?" అన్నాడు.

"మా ఆయన మిలిటరీల ఉండె. మంచుల పోయిండు." పళ్ళ మధ్య నుంచి మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. "ఎట్లుంటదో చూద్దామని."

అతను గ్లాసు కింద పెట్టి ఆమెకు ఎదురుగా తడి నేల మీదే కూర్చుండిపోయాడు.  తర్వాత, ఆమె వైపు చూడకుండా, "నేను రోజూ దిగుతానండీ ఇందులో," అన్నాడు. "ఎప్పుడు కావాలంటే అప్పుడు లేవచ్చని తెలుసు కాబట్టి దిగుతాను. అది తెలియకపోతే ఒక్క క్షణం కూడా ఉండలేను."

అవును. ఆమె వేళ్ళకు టబ్బు అంచు అందుబాటులో ఉంది. మెట్టు ఉంది. పక్కన మనిషి ఉన్నాడు. వాడికి అవేవీ లేవు. వాడి చలిలోకి తను వెళ్ళలేదు, గుమ్మం దాకా వెళ్ళి వచ్చింది, అంతే. ఆ గుమ్మం దగ్గరే ఇంత అరిచింది. ఆమెకు ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. ఒళ్ళు ఆరబెట్టుకుని, బట్టలు మార్చుకుని, దుద్దులు పెట్టుకోబోతే వేళ్ళు సహకరించక వాటిని పర్సులో వేసుకుని కిందికి దిగింది. ఇంకాసేపు కూర్చోండి, ఇంత వణుకుతో బండి నడపకండి అని అతను మెట్ల దాకా వెంట వచ్చాడు. కూర్చుంది కూడా, మెట్ల మీద, ఎండపొడలో, వేళ్ళు హ్యాండిల్ పట్టేంత అయ్యేదాకా. తర్వాత యాప్రాల్ వైపు తిప్పాల్సిన స్కూటీని మేడ్చల్ వైపు తిప్పింది.

ఎండలో రోడ్డు నీటి మడుగుల్లా మెరుస్తోంది. లారీల వేడిగాలి మొహాన కొడుతోంది, చున్నీ కట్టుకున్న ఆడవాళ్ళు బళ్ళ మీద చెమటలు తుడుచుకుంటున్నారు, వీళ్ళందరి మధ్యా ఆమె ఒక్కతే వణుకుతూ పోతోంది. ఏం చెప్పాలి. లేదత్తమ్మా, నిద్రలనే. ఆ మాట నాలుకకు అలవాటైపోయింది, అడగకముందే వచ్చేస్తుంది. అది దయ అనుకుంది ఇన్నాళ్ళూ. చెప్పిన ప్రతిసారీ ఆ ముసలి మొహంలో ఏదో తలుపు మూసుకోవడం చూసి కూడా దయే అనుకుంది. ఇప్పుడు నిజం చెప్తే ఏమవుతుంది. తల్లి గుండె ఆగిపోతుందా. మామ, ఎందుకు చెప్పినవ్ బిడ్డా అంటాడా. చెప్పకపోతే మళ్ళీ వారం అదే ప్రశ్న, ఆ పైవారం అదే ప్రశ్న, ముసలామె పోయేదాకా అదే. మేడ్చల్ దాటి, శామీర్‌పేట రోడ్డులో పడి, రింగురోడ్డు కిందుగా వెళుతున్నంతసేపూ ఒక మాట వెతుక్కుంటూనే ఉంది. దొరకలేదు.

కరీంనగర్ రోడ్డు పక్కన, చెరువు నుంచి వచ్చే దారి మొదట్లో, గొడుగు కింద ఐలమ్మ ఎప్పటిలాగే కూర్చుని ఉంది. ముందర రెండు బేసిన్లు, తడిపిన గోనె, కత్తిపీట. మొగులయ్య లేడు, చెరువు కాడికి పోయినట్టున్నాడు. స్కూటీ ఆగగానే తలెత్తింది. ఎప్పుడూ అడిగే మాట కోసం రోజారాణి ఒళ్ళు బిగబట్టుకుంది. కానీ ఐలమ్మ అది అడగలేదు.

"ఏంది బిడ్డా, గట్ల వణుకుతున్నవ్? జరమొచ్చిందా? పెదవులు సూడు ఎట్లయినయో."

"జరం గాదత్తమ్మా. ఐసు నీళ్ళల్ల గూసొని వచ్చిన."

"ఐసు నీళ్ళల్లనా? ఎందుకు?"

రోజారాణి స్కూటీ దిగి ఆమె ముందుకు వచ్చి నిలబడింది. ఐలమ్మ చేతిలోని చేపను మెల్లగా గోనె మీద పెట్టింది. ఆమెకు అర్థమైంది. అర్థమైన సంగతి మొహంలో మెల్లగా పైకి లేచి వచ్చింది. రోడ్డు మీద బస్సొకటి పెద్దగా హారన్ కొడుతూ పోయింది. అది పోయేదాకా ఇద్దరూ ఆగారు.

"సలివెట్టిందత్తమ్మా," అంది రోజారాణి. "ఆయనకు మస్తు సలివెట్టింది. అగ్గి తీర్గ కాలుతది. ఊపిరాడది. నిద్ర గాదు, మంచిగ తెలివి ఉంటది. ఇన్నొద్దులు నేను నీకు లేదని చెప్పిన. నాకు తెల్వకనే చెప్పిన."

"మొత్తుకున్నవా నువ్వు?"

"మొత్తుకున్న."

"ఏమని?"

"అమ్మా అని. నాకు అమ్మ లేదుగదా, అయినా అదే వచ్చింది నోట్లెకెళ్ళి."

ఐలమ్మ రోడ్డు అవతలికి చూసింది.  "పిలిచిండు," అంది చివరికి, తనలో తను. "నన్ను పిలిచిండు వాడు. గా రాత్రి నాకు మెలకువొచ్చింది బిడ్డా, ఎందుకొచ్చిందో తెల్వక మల్ల పండుకున్న." ఏడవలేదు. కొంగుతో మొహం తుడుచుకోలేదు. "ఆఫీసరు లేదనె, మీ మామ లేదనె, నువ్వు గూడ లేదనవడితివి. అందరు లేదు లేదంటే నేనొక్కదాన్నే ఉంటి గా సలిల, వానితోని."

రోజారాణి ఆమె పక్కన రాయి మీద కూలబడింది. చేతులు ఇంకా పూర్తిగా విప్పుకోలేదు, ఒళ్ళో పిడికిళ్ళుగా పడి ఉన్నాయి. ఐలమ్మ వాటిని చూసింది. పొలుసులంటిన తన చేతులు చీరకు గట్టిగా తుడుచుకుని, కోడలి పిడికిళ్ళను రెండింటినీ దగ్గరకు తీసుకుని, వేలు తర్వాత వేలు విప్పసాగింది. తొందరపడలేదు. ఒక్కొక్క వేలినీ తన అరచేతుల మధ్య రుద్ది, నోటి ఆవిరి ఊది, వెచ్చబడ్డాకే పక్క వేలికి పోతోంది. అప్పుడు రోజారాణికి ఏడుపు వచ్చింది, ఎక్కడినుంచో లోపల్లోపల నుంచి, పెద్ద చప్పుడుతో. ఐలమ్మ ఆపమనలేదు.

కారొకటి వచ్చి గొడుగు ముందు ఆగింది. అద్దం దించి లోపలి మనిషి, "అమ్మా, కొర్రమీను ఉన్నాయా?" అని అడిగాడు. బేసిన్లో చేపలు తోకలు కొట్టుకుంటూ నీళ్ళు బయటికి చిమ్ముతున్నాయి.

"ఏం లేవు, పో బిడ్డా," అంది ఐలమ్మ, తల తిప్పకుండా.